తొప్పికి రవ్వ ఎక్కువైంది

మా మావయ్య విజయనగరంలో ముప్పయ్యేళ్లు మృదంగం వాయించిన మనిషి. సంక్రాంతికి మా ఇంటికొచ్చినప్పుడు, కొత్తగా కొన్న టవర్ స్పీకర్లలో ఒక పాత వయొలిన్ కచేరీ పెట్టాను. మెచ్చుకుంటాడని ఆయన మొహంలోకే చూస్తూ కూర్చున్నాను. తని, అంటే మృదంగం ఒక్కటే వాయించే భాగం, మొదలైన రెండు నిమిషాలకి కాఫీ గ్లాసు కింద పెట్టి, "ఏట్రా ఇది, తొప్పికి రవ్వ ఇంత మెత్తేసేడేటి?" అన్నాడు.

తెలియనివాళ్లకి చెప్తున్నాను. మృదంగానికి ఎడమ పక్కది తొప్పి. కచేరీకి ముందు తడిపిన రవ్వ ముద్ద దాని మధ్యలో అంటిస్తారు. ఆ బరువుకి నాదం కిందికి దిగి గుమ్మంటుంది. ముద్ద ఎక్కువైతే గుమ్మనకుండా దుబ్బుదుబ్బుమంటుంది.

"రికార్డింగే అలా ఉందేమో మావయ్యా" అన్నాను.

"ఈ కచేరీ నేను రేడియోలో ఎన్నిసార్లు విన్నానో నీకు తెల్దు. రవ్వ ఆయన పెట్టింది కాదు. మీ ఇంట్లోనే ఎవరో మెత్తేరు."

పండగైపోయి ఆయన వెళ్లిపోయాడు గానీ ఆ మాట నాకు ముల్లులా దిగింది. నాకూ అనుమానం ఉంది మరి. సినిమా పాటల్లో బాస్ గిటార్ ఒక్కో నోటు దగ్గర ఇల్లంతా ఊగినట్టు, పక్క నోటుకి అసలు లేనట్టు వినిపించేది. డబ్బు పోసి కొన్నాం కాబట్టి అదే "పంచ్" అనుకుని సరిపెట్టుకున్నాను. స్పీకర్లు కొన్న షాపులో అడిగితే కేబుల్ మార్చమన్నారు. మార్చాను. తేడా లేదు. మళ్లీ వెళ్తే ఇంకాస్త పెద్ద యాంప్లిఫయర్ చూపించారు. ఈసారి మాత్రం దండం పెట్టి వచ్చేశాను.

మాది విశాఖ ఎంవీపీ కాలనీలో రెండో అంతస్తు. హాలు పొడవు 14 అడుగులు, వెడల్పు 11, ఎత్తు 10. కింద విట్రిఫైడ్ టైల్స్, నాలుగు పక్కలా నున్నటి గోడలు, ఒక పక్క అమ్మ పెళ్లినాటి ఇనప బీరువా. అమ్మ తిరిగే దారికి అడ్డం రాకూడదని రెండు టవర్లూ చెరో మూలకి నెట్టేశాను. సోఫా ఎదురుగోడకి ఆనించి ఉంటుంది. మన వైపు హాళ్లు దాదాపు అన్నీ ఇంతే కదా. స్పీకర్‌ని ఇంతకన్నా ఇబ్బంది పెట్టాలంటే కష్టపడాలి.

ఒక ఆదివారం టేపు పట్టుకుని కొలిచి కాగితం మీద లెక్కేశాను. మన విశాఖ ఉక్కలో, 30 డిగ్రీల గాలిలో, శబ్దం సెకనుకి సుమారు 349 మీటర్లు పోతుంది. హాలు పొడవు 4.27 మీటర్లు. శబ్దం అటు గోడకి కొట్టుకుని ఇటు తిరిగొచ్చే దూరం 8.54 మీటర్లు. భాగిస్తే సెకనుకి 41 ఊపులు, అంటే 41 హెర్ట్జ్. ఆ నోటు మోగినప్పుడల్లా వెళ్లే అల, వచ్చే అల ఒకదాని మీదొకటి ఎక్కి నిలబడిపోతాయి. దాని రెట్టింపు 82 దగ్గరా అంతే. ఫోన్లో, ఏ ఫ్రీక్వెన్సీ ఎంత మోగుతోందో గీతలో చూపించే స్పెక్ట్రమ్ యాప్ పెట్టి ఆ కచేరీ మళ్లీ వేస్తే, తొప్పి మీద దెబ్బ పడ్డప్పుడల్లా 80 చుట్టుపక్కల గీత ఎగిసిపడుతోంది. మావయ్య చెప్పిన రవ్వ ఎక్కడుందో దొరికింది.

నమ్మకం కుదరక 82 హెర్ట్జ్ టోన్ ఒక్కటే స్పీకర్లలో పెట్టి హాల్లో నడిచాను. ఇది ఎవరైనా చేసి చూడాల్సిన పని, పైసా ఖర్చు లేదు. సోఫా వెనక గోడ దగ్గర చెవులు అదిరిపోతున్నాయి. అక్కణ్నుంచి మూడున్నర అడుగులు ముందుకొస్తే ఎవరో స్విచ్ కట్టేసినట్టు మాయం. హాలు మధ్యకి వస్తే మళ్లీ హోరు. స్పీకర్లు అవే, టోన్ అదే, నేను నాలుగడుగులు వేశానంతే. వంటింట్లోంచి అమ్మ, "ఆ గేదె మూలుగేటిరా, ఆపుతావా లేదా" అని కేకేసింది.

డిజిటల్ రూమ్ కరెక్షన్ అనే మాట అప్పటికి విన్నాను గానీ ఏదో పెద్ద స్టూడియోల వ్యవహారం అనుకున్నాను. తీరా చూస్తే సంగతి చిన్నదే. మనం కూర్చునే చోట గది ఏ ఫ్రీక్వెన్సీని ఎంత పెంచుతోందో మైకుతో కొలవాలి. పాట స్పీకర్‌కి చేరకముందే అక్కడ అంత మేర తగ్గించి పంపాలి. కొలవడానికి జాన్ మల్కాహీ అనే ఆయన రాసిన రూమ్ ఈక్యూ విజార్డ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. విండోస్ లాప్‌టాప్‌లో అలా తగ్గించే ఫిల్టర్లు నడపడానికి ఈక్వలైజర్ ఏపీఓ, అదీ ఉచితమే. కొనాల్సింది మైకు ఒక్కటే. మినీడీఎస్పీ వాళ్ల యూమిక్-1 తెప్పించాను. యూఎస్‌బీ మైకు, ప్రతి మైకుకీ దాని సీరియల్ నంబరు మీద, ఆ మైకు సొంత లోపాల్ని సరిదిద్దే కాలిబ్రేషన్ ఫైలు ఇస్తారు. ఆ ఫైలు సంగతి తర్వాత చెప్తాను, దాని దగ్గరే నేను బోర్లా పడ్డాను.

మైకు చేతికొచ్చేసరికి మే నెల. కొలిచేటప్పుడు ఫ్యాను ఆపాలి. బాల్కనీ తలుపు మూయాలి. విశాఖలో మే నెలలో ఆ రెండూ చేసి హాల్లో అరగంట కూర్చోవడం ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. పగలు ప్రయత్నిస్తే ఒకసారి నేవీ హెలికాప్టర్, ఒకసారి పక్కింటి కుక్కర్ విజిల్, ఒకసారి మైకు కట్టుకుని టమాటాలమ్మే ఆటో. గ్రాఫు మీద అన్నీ పడ్డాయి. చివరికి రాత్రి 11 దాటాక మొదలుపెట్టాను. సాఫ్ట్‌వేర్ పంపే పరీక్ష శబ్దం 20 హెర్ట్జ్ దగ్గర గొణుగుడుగా మొదలై 20,000 దాకా ఈలలా లేస్తుంది, ఐదున్నర సెకన్లు. ఎడమ స్పీకర్‌కి ఒకసారి, కుడికి ఒకసారి, రెంటికీ కలిపి ఒకసారి. మర్నాడు మెట్ల దగ్గర కింది ఫ్లాట్ పెద్దాయన, పోర్టులో చేసి రిటైరైనాయన, ఆపారు. "రాత్రి మీ ఇంట్లో ఏదో కింద నుంచి పైకి ఈలేసుకుంటూ పోతోంది బాబూ, ఏటది?" స్పీకర్లు బాగుచేస్తున్నానండి అన్నాను. "పాడైపోయేయా?" అన్నారు. ఏం చెప్పాలో తోచలేదు.

ఆ ఈలల్లో ముందు దొరికింది స్పీకర్ల తప్పు కాదు, బీరువాది. శబ్దం 60 దాటగానే బీరువా హ్యాండిల్ జర్రుమంటోంది. ఇన్నాళ్లూ కుడి స్పీకర్ చిట్లుతోందేమోనని దిగులు పడ్డాను. పాత క్యాలెండర్ కాగితం మడిచి హ్యాండిల్ సందులో కుక్కితే సద్దుమణిగింది. నా రూమ్ కరెక్షన్‌లో మొదటి విజయం అది.

గ్రాఫు చూస్తే లెక్క తప్పలేదు. 41 దగ్గర మిగతా గీత కన్నా 12 డెసిబెల్స్ పైకి ఒక కొండ, 82 దగ్గర 9 డెసిబెల్స్‌తో ఇంకోటి. 10 డెసిబెల్స్ పెరిగితే చెవికి సుమారుగా రెట్టింపు గట్టిగా వినిపిస్తుందంటారు. 57 దగ్గర ఇంకో చిన్న మెట్ట, అది నేలకీ సీలింగుకీ మధ్యది. వాటర్‌ఫాల్ అనే ఇంకో గ్రాఫు ఉంది, శబ్దం ఆగిన తర్వాత ఏది ఎంతసేపు నిలిచిందో చూపిస్తుంది. అన్నీ చల్లారిపోయినా 41 మాత్రం పెళ్లయ్యాక కదలని చుట్టంలా అలాగే కూర్చుంది.

ఇక్కడ నాకు ఆశ పుట్టింది. సాఫ్ట్‌వేర్‌లో ఒక బటన్ ఉంది, గ్రాఫు ఎలా ఉండాలో టార్గెట్ గీత ఇస్తే ఫిల్టర్లన్నీ అదే లెక్కేసి ఇస్తుంది. 20 నుంచి 20,000 దాకా బల్లపరుపుగా గీత గీసి బటన్ నొక్కాను. ఇరవై ఫిల్టర్లు వచ్చాయి. ఫిల్టర్లు కలిపి కొలిస్తే గ్రాఫు ఇస్త్రీ చేసిన పంచెలా ఉంది. రాత్రి ఒంటిగంటకి మురిసిపోయి పడుకున్నాను.

పొద్దున్న పాట పెడితే ఇంకెవరిదో ఇల్లు. గొంతులో ఒళ్లు లేదు. "స", "ష" వచ్చిన ప్రతిచోటా పళ్లు జివ్వుమంటున్నాయి. మా ఆవిడ విని, "మీ పాత స్పీకర్లేనా ఇవి? అప్పుడే నయం కదండీ" అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

తప్పులు రెండు చేశాను. ఒకటి ఆ కాలిబ్రేషన్ ఫైలు. ఒకే మైకుకి రెండు ఫైళ్లిస్తారు. మైకు స్పీకర్ల వైపు చూస్తుంటే ఒకటి, సీలింగు వైపు చూస్తుంటే 90 డిగ్రీలది. నేను మైకుని కెమెరా ట్రైపాడ్ మీద సీలింగు వైపు నిలబెట్టి, స్పీకర్ల వైపు ఫైలు ఇచ్చాను. పక్క నుంచి వచ్చే సన్నటి శబ్దాలు మైకుకి తక్కువగా అందుతాయి. ఆ తక్కువని సాఫ్ట్‌వేర్ నా స్పీకర్ లోపం అనుకుని పైకి లేపేసింది. నేను కొన్న కేబుల్ కన్నా ఈ తప్పు నయం, ఊరికే వచ్చింది.

రెండోది ఇంకా మూలంలో ఉంది. కెనడాలో నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్‌లోనూ తర్వాత హార్మన్ అనే ఆడియో కంపెనీలోనూ పనిచేసిన శబ్ద పరిశోధకుడు ఫ్లాయిడ్ టూల్ ఏళ్ల తరబడి చెప్తూ వచ్చిన సంగతి. మైకైతే స్పీకర్ నుంచి నేరుగా వచ్చిందీ గోడలకి కొట్టుకుని వచ్చిందీ కలిపి ఒకే కుప్పగా కొలుస్తుంది. చెవి అలా కాదు, ముందొచ్చిన దానితో స్పీకర్ గొంతుని గుర్తుపడుతుంది, వెనకొచ్చినది గదికి జమేస్తుంది. మంచి స్పీకర్‌ని మామూలు గదిలో పెడితే, కూర్చునే చోట గీత పైకి పోయేకొద్దీ కాస్త కిందికి వాలాలి, అదే సహజం. దాన్ని బల్లపరుపు చేస్తే బాగున్న స్పీకర్‌ని మనమే పాడుచేసినట్టు. కింద బాస్ సంగతి వేరు, అక్కడ గదిదే రాజ్యం. ఈ హద్దుకి ష్రోడర్ ఫ్రీక్వెన్సీ అని పేరు. గది ఘనపరిమాణం, మోగుడు ఎంతసేపు ఉంటుందో తెలిస్తే లెక్కేయొచ్చు. మా హాలుకి సుమారు 200 హెర్ట్జ్ వచ్చింది. ఇరవై ఫిల్టర్లూ తీసేశాను. 200 పైన చెయ్యి పెట్టనని ఒట్టేసుకున్నాను.

తర్వాత సోఫా. అలా నిలబడిపోయే ఏ అలకైనా గోడ దగ్గర శిఖరమే ఉంటుంది కాబట్టి ముందుకి జరపాలి. 82 ఎక్కడ మాయమవుతుందో తెలుసు కదా, సోఫాని అక్కడికే, చెవులు గోడకి మూడున్నర అడుగుల దూరంలో ఉండేలా లాగాను. ఇప్పుడు గ్రాఫులో 82 దగ్గర కొండ పోయి గొయ్యి పడింది. తొప్పి అసలు వినిపించదు, కుడిచేతి చాపు దెబ్బ ఒక్కటే టక్కుటక్కుమంటోంది. సరే గొయ్యిని పూడ్చేద్దామని అక్కడ 9 డెసిబెల్స్ పెంచాను. పూడలేదు. ఇంకో 3 పెంచాను. వూఫర్లు లోపలికీ బయటికీ తెగ ఊగుతున్నాయి, యాంప్లిఫయర్ పైన చెయ్యి పెడితే కాలుతోంది, నా చెవికి మాత్రం ఏమీ లేదు. ఇంతలో కాలింగ్ బెల్. కింది పెద్దాయన. "బాబూ, మా పూజగదిలో గంట దానంతటదే మోగుతోంది."

ఆ మధ్యాహ్నం నాకు బుర్రకెక్కింది. ఆ చోట ముందు నుంచి వచ్చే అల, వెనక గోడ నుంచి తిరిగొచ్చే అల ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయి. ఒకదాన్ని పెంచితే తిరిగొచ్చేదీ అంతే పెరుగుతుంది. ఎంత పోసినా సున్నాయే మిగులుతుంది, పోసినదంతా పక్కవాళ్లింటికి పోతుంది. కొండని సాఫ్ట్‌వేర్‌తో నరకొచ్చు. గొయ్యికి కుర్చీ జరపడం ఒక్కటే మందు. సోఫాని ఒక అడుగు వెనక్కి, అంటే గోడకి రెండున్నర అడుగులకి తెచ్చాను. 82 కొండ సగానికి సగం తగ్గింది, గొయ్యి పడలేదు. స్పీకర్లని మూలల్లోంచి అడుగున్నర బయటికి లాగాను. దీనికి అమ్మతో జరిగిన ఒప్పందం ఏమిటంటే, సాయంత్రం దీపం పెట్టే వేళకి ఎడమది వెనక్కి నెట్టేయాలి.

మధ్యలో ఒక పరుపు కథ కూడా ఉంది. మూలల్లో దూది దిండ్లు పెడితే బాస్ పీల్చుకుంటుందని ఎవరో చెప్తే, పూర్ణా మార్కెట్ దగ్గర పరుపులు కుట్టే అతని చేత బూరుగుదూదితో రెండు నిలువు దిండ్లు కుట్టించాను. చప్పట్లు కొడితే గదిలో వచ్చే రింగుమనే శబ్దం తగ్గింది, మాట స్పష్టమైంది. 41 మాత్రం ఇసుమంత కదల్లేదు. కదలదు కూడా. ఆ అల పొడవు ఎనిమిదిన్నర మీటర్లు. దాన్ని దూదితో పట్టాలంటే నాలుగో వంతు మందం, అంటే ఏడడుగులు కావాలి. హాలు సగం పరుపే అవుతుంది.

చివరికి నా దిద్దుబాటు నాలుగు ఫిల్టర్లకి తేలింది. 41 దగ్గర 9 డెసిబెల్స్ కోత, క్యూ విలువ 6, అంటే సన్నగా ఆ ఒక్కచోటే కొయ్యడం. 57 దగ్గర 3, 82 దగ్గర 4, 130 దగ్గర ఇంకో 3. ఏదీ పెంచలేదు, అన్నీ కోతలే. చేశాక వాటర్‌ఫాల్ చూస్తే 41 హెర్ట్జ్ చుట్టం కూడా తొందరగా లేచిపోతున్నాడు. ఇంత కిందన గది మోగే తీరు ఎలాంటిదంటే, ఎత్తు సరిగ్గా కోస్తే శబ్దం ఆగాక మిగిలే తోక కూడా తగ్గుతుంది. నాకు ఇదంతటిలోనూ బాగా నచ్చిన సంగతి ఇదే.

విని పోల్చుకునేటప్పుడు ఒక మోసం ఉంది. కోశాక మొత్తం శబ్దం తగ్గుతుంది, తగ్గినది ఎప్పుడూ చప్పగానే అనిపిస్తుంది. మొదట నేనూ ఫిల్టర్లు లేకుండానే బాగుందనుకున్నాను. రెంటినీ ఒకే స్థాయికి తెచ్చి, మా ఆవిడని లాప్‌టాప్ దగ్గర కూర్చోబెట్టి, ఏది ఏదో చెప్పకుండా మార్చమన్నాను. పదిసార్లలో తొమ్మిదిసార్లు పట్టుకున్నాను. తప్పిన ఆ ఒక్కసారి ఆవిడ అసలు మార్చలేదట.

ఇంకో పిచ్చి పని కూడా చేశాను, దాచడం ఎందుకు. ఎఫ్ఐఆర్ అనే రకం ఫిల్టర్లతో ఫేజ్ కూడా, అంటే అలలు ఒకదానితో ఒకటి కలిసే వేళ కూడా, దిద్దొచ్చని చదివి, 65,536 ట్యాపుల, అంటే అన్ని అంకెల పొడవున్న, లీనియర్ ఫేజ్ ఫిల్టర్ తయారుచేశాను. పాటలకి బాగానే ఉంది. సాయంత్రం నాన్న టీవీలో క్రికెట్ పెట్టారు. లాప్‌టాప్ గుండా వచ్చే శబ్దం దాదాపు 0.68 సెకను ఆలస్యం. బంతి ఫీల్డర్ చేతిలో పడ్డాక బ్యాట్ చప్పుడు. పక్కింట్లో అరుపులు వినిపించాక మా ఇంట్లో సిక్సర్. నాన్న రెండు ఓవర్లు ఓపిక పట్టి, "ఒరే, ఇది నిన్నటి మ్యాచా?" అన్నారు. పాత నాలుగు ఫిల్టర్లకి వచ్చేశాను. ఇప్పుడు అవే రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్లో కెమిల్లాడీఎస్పీ అనే సాఫ్ట్‌వేర్ మీద నడుస్తున్నాయి, లాప్‌టాప్ గొడవ లేదు.

దసరాకి మావయ్య వచ్చాడు. కాఫీ ఇచ్చి, అదే కచేరీ పెట్టి, ఏమీ చెప్పకుండా సోఫాలో నా చోట కూర్చుని విన్నాను. నా వరకు తొప్పి గుమ్ముగుమ్మంటూ, చాపుకీ దానికీ మధ్య గాలి ఆడుతూ ఎంతో బాగుంది. తని అయ్యాక ఆయన వైపు చూశాను.

"రవ్వ అలాగే ఉంది కదరా" అన్నాడు.

నాకు నీరసం వచ్చింది. అప్పుడు చూశాను ఆయన ఎక్కడ కూర్చున్నాడో. గాలి కోసం పేము కుర్చీని బాల్కనీ తలుపు పక్కకి, సరిగ్గా హాలు నడిమధ్యకి లాక్కున్నాడు. 82కి అది మళ్లీ శిఖరం. 41కి అక్కడ గొయ్యి, పైగా నేను దాన్ని ఇంకా కోసేశాను. నేను దిద్దింది నా సోఫాని, మావయ్య కుర్చీని కాదు.

ఆ రాత్రి మళ్లీ ఫ్యాను కట్టేశాను. ఈసారి మైకుని ఒకచోట నిలబెట్టకుండా, పింక్ నాయిస్, అంటే అన్ని ఫ్రీక్వెన్సీలూ కలిసిన హోరు, పెట్టి, సోఫా దగ్గర్నుంచి కుర్చీ దాకా చేత్తో నెమ్మదిగా తిప్పుతూ సగటు తీశాను. 82 కోత 4 నుంచి 6 చేశాను, 41 కోత 9 నుంచి 6కి తగ్గించాను. నా చోట తొప్పి ఒక పిసరు పలచబడింది, ఒప్పుకున్నాను. పేము కుర్చీని రెండడుగులు వెనక్కి జరిపి, గాలి అందేలా టేబుల్ ఫ్యాను పెట్టి, పొద్దున్నే మావయ్యని కూర్చోబెట్టాను. తని మొత్తం విన్నాడు. తొడ మీద ఎడమచేత్తో రెండు దెబ్బలు వేసుకుని, "వయొలిన్ ఇంకొంచెం పెంచరా" అన్నాడు. తొప్పి మాట ఎత్తలేదు.

ఆ కుర్చీ కాళ్లూ స్పీకర్ల మూలలూ ఎక్కడుండాలో టైల్స్ మీద ఎర్ర ఇన్సులేషన్ టేపు ముక్కలు అంటించి ఉంచాను. పనమ్మాయి తడిగుడ్డ పెట్టిన రోజల్లా ఒకటో రెండో ఊడొస్తాయి. అమ్మ వాటిని ఏరి ఫ్రిజ్ తలుపుకి అంటిస్తుంది, నేను సాయంత్రం టేపు పట్టుకుని మళ్లీ కొలుస్తాను.